ఫార్మాట్: నోరు

జూన్ 2, సోమవారం

ఈ డైరీ పోయిన ఏడాదిది. ఆవడి ఫ్యాక్టరీలో మా ఆయన శశికుమార్‌కి ఇచ్చారు. ఒక్క పుట కూడా రాయకుండా బీరువాలో పడేశాడు. అచ్చువేసిన వారాలు కొట్టేసి పైన సరైనవి రాసుకుంటున్నాను. కంపెనీ లాప్‌టాప్‌లో రాసుకోవచ్చు గానీ, అందులో నేను ఏ మీట నొక్కినా చెన్నైలో మా మేనేజరు ద్వారకనాథ్ గారికి తెలుస్తుందట. దాచుకోవాల్సింది నా దగ్గర ఏమీ లేదు. అయినా కాగితమే మేలు.

ఈరోజు నుంచి కొత్త నిబంధనలు. మా కంపెనీ తెలుగు పుస్తకాలను ఈ-బుక్కులుగా అమ్ముతుంది. నిన్నటిదాకా కొన్నవాళ్ళు పీడీఎఫ్‌గా దించుకుని ఎందులో కావాలంటే అందులో చదువుకునేవాళ్ళు. ఇక కుదరదు. మా యాప్‌లోనే చదవాలి. ఒక ఖాతాకి రెండే పరికరాలు. స్క్రీన్‌షాట్ తీస్తే నల్లగా వస్తుంది. పుస్తకాన్ని పైకి చదివి వినిపించే గొంతు ఒకటి ఉండేది. ప్రచురణకర్తలు ఒప్పుకోలేదని దాన్నీ తీసేశారు.

నా పని పొద్దున ప్రూఫులు దిద్దడం, మధ్యాహ్నం దొంగ నకళ్ళను వేటాడి తీయించడం. రెండో పనికే నన్ను మెచ్చుకుంటారు. దొంగతనమంటే నాకు చిన్నప్పటినుంచీ మంట.

జూన్ 3, మంగళవారం

మూడు నకళ్ళు పట్టాను. మూడూ తీయించాను. మధ్యాహ్నం అన్నం రుచిగా ఉంది.

జూన్ 5, గురువారం

ఈ నెలాఖరుకి నా ప్రొబేషన్ అయిపోతుంది. నన్ను ఖాయం చేస్తారో లేదో ముప్పయ్యో తేదీన తేలుతుంది.

నాది పుత్తూరు. తెలుగు ఎం.ఏ. పెళ్ళయి తిరుత్తణికి వచ్చి పంతొమ్మిదేళ్ళు. ఈ ఊళ్ళో సగం ఇళ్ళల్లో తెలుగే మాట్లాడతారు, చదవడం మాత్రం రాదు. అందరూ తమిళ బడిలో చదివినవాళ్ళే. నా కూతురు మనస్వి కూడా అంతే, నా పేరు తెలుగులో రాస్తే జిలేబీ చుట్ట అంటుంది. పంతొమ్మిదేళ్ళు నా పట్టా బియ్యం డబ్బా వెనక ఉంది. ఉద్యోగం వచ్చినరోజు దుమ్ము తుడిచి గోడకు తగిలించాను. నా తెలుగు ఒకరికి పనికొచ్చిందని ఆరోజు ఎంత ఏడ్చానో ఎవరికీ చెప్పలేదు. ఈ ఉద్యోగం పోతే మళ్ళీ డబ్బా వెనకే.

ఇంట్లో తెలుగు చదవగలిగే మరో మనిషి మా అత్త కృష్ణమ్మ. నగరిలో ఎనిమిదో తరగతి దాకా చదివింది. పాత ట్యాబ్ ఒకటి ఆమెకిచ్చి, నా ఉద్యోగి ఖాతాలోనే దాన్ని రెండో పరికరంగా చేర్చాను. దానికి నిబంధన ఒప్పుకుంటుంది. సాయంత్రం వంటింట్లోకి వచ్చి తగువు పెట్టుకుంది.

"ఏమే, దీంట్లో మాట్లాడే ఆయమ్మ యాడికి పోయింది? మూడు దినాలుగా నోరు తెరవలేదే."

"తీసేసినారత్తా. కొత్త రూలు."

"పైకి చదివితే పుస్తకం అరిగిపోతాదా?"

"కొన్నది చదువుకోడానికంట, వినేదానికి కాదంట."

"సరిపోయింది. రేపు నవ్వతా చదవాలంటే వేరే పర్మిషన్ అడగతారేమో."

అత్తకు హక్కుల సంగతి అర్థం కాదు. పోనీలే అని ఊరుకున్నాను. పాపం ఈమధ్య నామీద ప్రేమ ఎక్కువైంది. రెండు రోజులుగా సాయంత్రం ఇంటికి వస్తూ మూరో రెండు మూరలో మల్లెలు తెచ్చి నా తలలో పెడుతోంది. పంతొమ్మిదేళ్ళలో ఎప్పుడూ లేదు. ఉద్యోగానికి ఇంత గౌరవం ఉంటుందన్నమాట.

జూన్ 6, శుక్రవారం

మల్లెలు. రెండు మూరలు.

జూన్ 10, మంగళవారం

అత్త పొద్దున ఏడుగంటల బండికి తిరువళ్ళూరు వెళ్ళింది. వీరరాఘవస్వామి దర్శనం అంది. ఈ వైపువాళ్ళు అమావాస్యకు అక్కడికి వెళ్ళడం మామూలే. ఈ నెలలో అత్తకు ఇది రెండో అమావాస్య. అసలు అమావాస్య ఇరవై అయిదున.

వెళ్ళేటప్పుడు సంచీ బరువుగా ఉంది, వచ్చేటప్పుడు ఇంకా బరువుగా ఉంది. ప్రసాదం ఏదత్తా అని అడిగితే బండిలో పంచేసినా అంది. వయసు పైబడేకొద్దీ భక్తి పెరుగుతుంది, మంచిదే.

జూన్ 12, గురువారం

ద్వారకనాథ్ గారు ఒక ఫోటో పంపారు. తిరువళ్ళూరులో ఎవరో ఒకామె ఫేస్‌బుక్‌లో పెట్టింది. చేతిరాత నోట్‌బుక్ పుటకి తీసిన జెరాక్స్. "దీని తర్వాత ఏం జరిగిందో ఎవరికైనా తెలుసా?" అని పైన తమిళంలో అడిగింది. ఫోటోలో ఉన్నవీ తమిళ అక్షరాలే. మా ఆఫీసులో తమిళం వచ్చినవాళ్ళు చదివి, ఒక్క మాటకీ అర్థం లేదన్నారట. నకళ్ళు పట్టే సాఫ్ట్‌వేర్ కూడా చేతులెత్తేసింది. "ఇదేం భాషండీ? కింద మన పుస్తకం పేరులా ఏదో ఉంది. మీరు ఆ వైపు మనిషి కదా, చూడండి" అని రాశారు.

నాకు తమిళం బస్సు బోర్డుల మీద వచ్చింది. కూడబలుక్కుంటూ పైకి చదివాను. నా నోట్లోంచి తెలుగు వచ్చింది.

"చెంగమ్మ పార భుజానేసుకుని చెరువుగట్టు మీదికి వచ్చింది. నీరుగంటి ఆమెకేసి చూడకుండానే, నీ వంతు అయిపోయిందమ్మా అన్నాడు."

ఇది "నీళ్ళ వంతు". నేను దిద్దిన నవల! తన పొలానికి రావాల్సిన చెరువునీళ్ళ వంతు కోసం ఊరితో, నీళ్ళు వదిలే నీరుగంటితో కొట్లాడే చెంగమ్మ కథ. రాసిన ఆదిమూలం గారు పోయి పదకొండేళ్ళు. హక్కులన్నీ మా కంపెనీవే. కామా కామాగా నాకు తెలిసిన పుస్తకాన్ని ఎవరో అక్షరాలు మార్చి, తెలుగుకు తమిళ చొక్కా తొడిగి తిప్పుతున్నారు.

ద్వారకనాథ్ గారికి ఫోన్ చేసి చెప్పాను. "దీని మూలం పట్టుకుంటే మీ ఉద్యోగం గురించి నేనే పైకి రాస్తాను మునిలక్ష్మి గారూ. పట్టుకోలేకపోతే మాత్రం నన్ను అడగొద్దు" అన్నారు. పట్టుకుని తీరతాను.

జూన్ 13, శుక్రవారం

అక్షరాలు మార్చినంత మాత్రాన దొంగతనం దొంగతనం కాకుండా పోతుందా? పోదు.

మల్లెలు, రెండు మూరలు.

జూన్ 16, సోమవారం

ఆఫీసువాళ్ళు లాగ్ పంపారు. "నీళ్ళ వంతు"ను ఎవరెవరు, ఎప్పుడు, ఏ పుట ఎంతసేపు తెరిచారో అన్నీ ఉంటాయి అందులో. జూన్ మూడునుంచీ ఒక ఖాతా రోజూ మధ్యాహ్నం రెండింటికి తెరుచుకుంటోంది, నాలుగింటికి మూతపడుతోంది. మొదటిరోజు ఒకటి, తర్వాత రోజుకు రెండు అధ్యాయాలు. పుటకు నాలుగు నిమిషాలు! ఇంత నత్తనడకన చదివేవాళ్ళు ఎవరుంటారు? పైకి చదువుతూ ఎవరిచేతనో రాయిస్తేనే అంత పడుతుంది. ఊరు తిరుత్తణి.

ఖాతా నాది.

మంచినీళ్ళు తాగి, మళ్ళీ చూశాను. నాదే. రెండో పరికరం.

ఎవడో నా ఖాతాను హ్యాక్ చేశాడు. కంపెనీ మనిషి ఖాతాలోనే దూరాడంటే ఎంత తెలివైనవాడో! ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. అత్తకు చెబితే భయపడుతుంది. మధ్యాహ్నం రెండునుంచి నాలుగుదాకా ఆమె ఎటూ ఇంట్లో ఉండదు, కొండ మెట్ల దారిలో గుణ పూలకొట్టులో కాలక్షేపానికి కూర్చుంటుంది.

జూన్ 17, మంగళవారం

పాస్‌వర్డ్ మార్చేశాను. నా ఖాతాను ఒక్క పరికరానికే కట్టేశాను, నా లాప్‌టాప్‌కి. హ్యాకర్ ఇరవై ఏడో అధ్యాయం ముగించి ఉన్నాడు. మొత్తం ముప్పై ఒకటి. మిగతా నాలుగూ ఎట్లా చదువుతాడో చూస్తా!

అత్త రాత్రి అన్నం తినలేదు. ట్యాబ్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఏమైందత్తా అంటే, "నీకు తెలీదా?" అంది. వేడి చేసినట్టుంది.

జూన్ 18, బుధవారం

మల్లెలు లేవు.

జూన్ 19, గురువారం

ఈ పుట రాయకుండా వదిలేద్దామనుకున్నాను. అయినా రాస్తాను.

ఇవాళ కూడా పూలు రాలేదు. అత్త నాతో మాట్లాడడం మానేసింది. పూలవాళ్ళతో ఏమైనా గొడవపడిందేమో కనుక్కుందామని మధ్యాహ్నం గుణ కొట్టుకు వెళ్ళాను. ముందు త్రాసు పెట్టుకుని గుణ కూర్చున్నాడు. వెనక వసారాలో పదకొండుమంది ఆడవాళ్ళు చాపలమీద మల్లెలు పోసుకుని దండలు కడుతున్నారు. నడుమ బోర్లించిన గంపమీద మా అత్త. ఒక్కరూ మాట్లాడడం లేదు.

నన్ను చూడగానే నిత్య లేచింది. ముప్పై ఏళ్ళుంటాయి, ప్లస్ టూ దాకా చదివింది, మా వీధి చివర ఇల్లు.

"అక్కా! వచ్చేసినావా? మేమే రావాలనుకుంటా ఉండాం. చెంగమ్మను గట్టుమీదనే నిలబెట్టేసినావు గదా, పావం రెండు దినాలుగా ఆడనే నిలబడి ఉండాది!"

"ఏ చెంగమ్మ?" అన్నాను.

"నువ్వు రాసిన చెంగమ్మే అక్కా."

నోట్‌బుక్ చేతిలో పెట్టింది. తమిళ అక్షరాలు. ఫోటోలో చూసిన చేతిరాతే. మొదటి పుటలో మొదటి వరుస చదివాను. "నీళ్ళ వంతు. మునిలక్ష్మి."

అత్తకేసి చూశాను. అత్త మల్లెలకేసి చూసింది.

సంగతి ఇదీ. ఆ గొంతు పనిచేసినంతకాలం అత్త ట్యాబ్ ఇక్కడికి తెచ్చి పుస్తకాలు వినిపించేది. చేతులకు పని, చెవులకు కథ. ఎవరూ ఏదీ రాసుకోలేదు. గొంతు పోయాక అత్తే చదవడం మొదలుపెట్టింది. గొంతు పోయినట్టు రేపు పుస్తకమూ పోతే ఎట్లా అని భయపడి నిత్య నోట్‌బుక్ కొంది. వినింది విన్నట్టు తమిళంలో రాసింది, ఎందుకంటే వీళ్ళ పెళ్ళిపత్రికలు, పాటలు, మొక్కుల చీటీలు అన్నీ అట్లాగే రాసుకుంటారు. తిరువళ్ళూరు వైపు ఉన్న వీళ్ళ అక్కచెల్లెళ్ళు అడిగారని అక్కడే జెరాక్స్ తీయించారు. మోసుకెళ్ళింది అత్త. అదీ అమావాస్య.

అధ్యాయానికి మూర మల్లెలు. రోజుకు రెండు అధ్యాయాలు.

దొంగసొమ్ము పదిహేను రోజులు నా తలలోనే పెట్టుకు తిరిగాను. ఆ తలతోనే వీడియో కాల్‌లో ద్వారకనాథ్ గారితో నకళ్ళ గురించి మాట్లాడాను. "పూలు బాగున్నాయండీ" అని కూడా అన్నారాయన.

ఇంటికి వచ్చి తలుపు వేసి అత్తమీద విరుచుకుపడ్డాను. "నా ఉద్యోగం పోతాదత్తా! పంతొమ్మిదేళ్ళకు వచ్చిన ఉద్యోగం!"

"ఎందుకు పోతాది? నేనేమి దొంగతనం చేసినానా? చదివినా. పుస్తకముండేది చదివేదానికే గదా."

"మరి నేను రాసినానని ఎందుకు చెప్పినావు?"

"నేనెప్పుడు చెప్పినా? మొదట్లో పేర్లుంటాయే, అవి చదివినా. ఆదిమూలమని ఉండాది, అదీ చదివినా. వాళ్ళకు ఆయన ఎవరో తెలీదు. 'అక్షర పరిశీలన మునిలక్ష్మి' అని వచ్చింది. ఆ ఒక్కటే రెండుసార్లు చదివినా." మళ్ళీ తనే అంది. "నా కోడలు పేరు పుస్తకంలో పడింది. రెండుసార్లు చదివితే తప్పా?"

నాకు ఏడుపొచ్చింది. కోపంతోనే. కోపంతోనే అనుకుంటాను.

జూన్ 20, శుక్రవారం

ద్వారకనాథ్ గారికి "పరిశోధన జరుగుతోంది" అని రాశాను. ఇది అబద్ధం కాదు. పూలకొట్టుకు రోజూ వెళ్ళి కూర్చుంటే అది పరిశోధనే.

జూన్ 23, సోమవారం

పరిశోధనలో భాగంగా ఇరవై ఎనిమిదో అధ్యాయం చెప్పాను.

చదవలేదు. చెప్పాను. యాప్ తెరవలేదు, ట్యాబ్ ముట్టలేదు. నాలుగుసార్లు దిద్దిన పుస్తకం, నాకు కంఠతా వచ్చు. నిత్య రాసుకుంటే నేనేం చేసేది? కథ చెప్పడం నేరమని మా ఉద్యోగ ఒప్పందంలో ఎక్కడా లేదు. ఇంటికి రాగానే వెతికాను.

వాళ్ళు నన్ను "రైటరక్క" అంటున్నారు. నేను రాయలేదని చెప్పాలి. ఇవాళ వీలుపడలేదు, అందరూ తొందరలో ఉన్నారు.

జూన్ 24, మంగళవారం

ఉంది. ఒప్పందం ఏడో పుట, అడుగున, చిన్న అక్షరాల్లో. "మౌఖికంగా గానీ."

ఇరవై తొమ్మిది, ముప్పై చెప్పాను. రాయలేదని చెప్పడానికి ఇవాళా వీలుపడలేదు. గుణ నాకు కుర్చీ వేశాడు. కుర్చీలో కూర్చుని అట్లాంటి మాట ఎట్లా చెప్పేది?

జూన్ 25, బుధవారం

అసలు అమావాస్య. అత్త నిజంగానే తిరువళ్ళూరు వెళ్ళింది. సంచీ తీసుకుపోలేదు.

జూన్ 26, గురువారం

చివరి అధ్యాయం. చెప్పేముందు నిత్య నా చెయ్యి పట్టుకుంది.

"అక్కా, ఆ పిల్ల ఊరొదిలి పోతాదేమోనని నాకు దిగులుగా ఉండాది. పోనీయొద్దక్కా. నువ్వే గదా రాసేది, నీ చేతిలో పనే గదా."

ఆదిమూలం గారి పుస్తకంలో చెంగమ్మ వెళ్ళిపోతుంది. తెల్లవారుతుండగా ఖాళీబిందె గట్టుమీద పెట్టేసి, మొదటి బస్సు ఎక్కుతుంది. ఆ పుట దిద్దినరోజు నేను అన్నం తినలేకపోయాను. పదకొండుమంది దారం పక్కన పెట్టి నా మొహంకేసే చూస్తున్నారు. అత్త కూడా.

చెంగమ్మ బస్సు ఎక్కలేదు.

నా నోరే అట్లా చెప్పేసింది. బస్సు హారన్ కొట్టినా వెనక్కి తిరగకుండా తూము దగ్గరికి నడిచింది. నీరుగంటి అడ్డం వచ్చాడు. "నీ వంతు అయిపోయిందమ్మా" అన్నాడు. "నా వంతు నేను ఇంకా మొదలుపెట్టలేదు" అంది. దిగి, తూముకు అడ్డంగా ఉన్న పలక పైకి లాగింది. నీళ్ళు కాలవలో పడ్డాయి. పొలం తడిసేదాకా పార ఒళ్ళో పెట్టుకుని తూముమీదే కూర్చుంది. పొద్దెక్కింది. నీరుగంటి కూడా అలిసిపోయి కాస్త దూరంలో కూర్చున్నాడు.

ఒకామె ఏడ్చింది. ఇంకొకామె "అప్పాడా!" అని చాపమీద వెల్లకిలా పడుకుంది. నిత్య రాసిరాసి వేళ్ళు విదిలించుకుంది. "సూపరక్కా. నువ్వు నువ్వే" అంది.

ఎంత సంతోషమేసిందో చెప్పలేను. ఇంటిదాకా కాళ్ళు నేలమీద లేవు. ఇంకో సంగతి కూడా తోచింది: చివరి అధ్యాయం మా పుస్తకంతో కలవదు కాబట్టి ఇది నకలే కాదని వాదించవచ్చు! నా తెలివికి నేనే ముచ్చటపడ్డాను.

జూన్ 27, శుక్రవారం

ఈ నెలంతా నేను వేటాడినవాళ్ళు పుస్తకాన్ని దొంగిలించారు. పుస్తకం మీద రచయిత పేరు మాత్రం ఉంచారు. నేను ఆ పేరు కూడా దొంగిలించాను. పోయినవాడి పేరు. కుర్చీ వేయించుకుని మరీ.

సిగ్గుగా ఉంది.

జూన్ 28, శనివారం

చెప్పేశాను. కుర్చీ పక్కకి జరిపి చాపమీద కూర్చుని చెప్పాను. నేను రాయలేదు, అచ్చుతప్పులు దిద్దాను, అంతే. రాసింది ఆదిమూలం గారు. చివరిది ఒక్కటి నేను మార్చాను.

గుణ ముందుగదిలోంచి తొంగిచూశాడు. ఇక నన్ను ఈ గడప తొక్కనివ్వరనుకున్నాను.

"అయితే ఆయన రాసింది ఎట్లుండాది?" అంది నిత్య.

చెప్పాను. ఖాళీబిందె, మొదటి బస్సు, అన్నీ. ఒక్క మాట మార్చలేదు. మూలనున్న పెద్దామె, నలభై ఏళ్ళుగా పూలు కడుతున్నావిడ, ముక్కు చీదుకుని అంది.

"ఆయన రాసింది జరిగేది. ఈయమ్మ చెప్పింది మనకు కావాల్సింది. రెండూ రాయవే నిత్యా. ఎవరిది వాళ్ళ పేరుతో రాయి."

నిత్య మొదటి పుట తీసి నా పేరు కొట్టేసింది. ఆదిమూలం అని రాసింది. వెనక్కి వెళ్ళి నా అధ్యాయం కింద నా పేరు రాసింది. అత్త నావైపు ఒక కనకాంబరాల తునక విసిరింది. అది లంచమో, శిక్షో తెలియలేదు. తలలో పెట్టుకున్నాను.

జూన్ 30, సోమవారం

నివేదిక ఇవ్వాల్సిన రోజు. ఫారంలో గళ్ళు ఉంటాయి. మూడు రకాలుగా నింపి చూశాను. మొదటిదాంట్లో హ్యాకర్ చేశాడు. రెండోదాంట్లో అది నకలే కాదు. రెండూ చక్కగా కుదిరాయి. రెండిట్లో ఏది పంపినా ఉద్యోగం ఉంటుంది. పంపబోయేముందు గోడమీద పట్టాకేసి చూశాను. దానికేసి చూడకుండా ఉండాల్సింది.

మూడోది పంపాను. ఇక్కడ ఎత్తి రాసుకుంటున్నాను.

లీకైన ఫార్మాట్: నోరు.
ఎన్ని పరికరాల్లోకి: పదకొండు జతల చెవులు, ఒక నోట్‌బుక్. తర్వాత జెరాక్సులు, ఎన్నో తెలియదు.
మూలం: నా ఖాతా. ట్యాబ్ ఇంట్లోవాళ్ళకు ఇచ్చింది నేనే.
తీసుకున్న చర్య: ఖాతాకు తాళం వేశాను. తర్వాత మిగిలిన నాలుగు అధ్యాయాలూ నేనే చెప్పాను, చివరిది మొదట మార్చి.
నివారణ మార్గం: ఆ గొంతును తిరిగి పెట్టండి. అది ఉన్నన్నాళ్ళు ఎవరూ రాసుకోలేదు. వీలైతే ఈ తెలుగునే తమిళ అక్షరాల్లో కూడా అమ్మండి. ఇక్కడ కొనేవాళ్ళున్నారు. వాళ్ళకు మనం ఎప్పుడూ ఏదీ అమ్మజూపలేదు.

అత్త పేరు రాయలేదు. ఆ గడి ఫారంలో లేదు.

జూలై 2, బుధవారం

ద్వారకనాథ్ గారు ఫోన్ చేశారు. నన్ను ఖాయం చేయడం లేదట. లాప్‌టాప్ తిరిగి పంపాలట.

"హ్యాకర్ అని రాసుంటే సరిపోయేది కదమ్మా" అన్నారు. పాపం నిజంగానే బాధపడ్డారు.

"రాశానండీ. పంపలేదు" అన్నాను.

ఫోన్ పెట్టేయబోతూ, గొంతు తగ్గించి అడిగారు. "చివరి అధ్యాయం మార్చి చెప్పానని రాశారు. మీదాంట్లో ఏమవుతుంది? చెంగమ్మ బస్సు ఎక్కుతుందా?"

"మౌఖికంగా చెప్పకూడదండీ, ఏడో పుట" అన్నాను. ఆయన నవ్వారు. నేనూ నవ్వాను. ఫోన్ పెట్టాక వంటింట్లో కూర్చుని ఏడ్చాను. బాగా ఏడ్చాను. అత్త వచ్చి ఎదురుగా కూర్చుంది. నావల్లనే గదా అంది. కాదన్నాను. నావల్లనే అంది మళ్ళీ. అవునన్నాను. అప్పుడు లేచి కాఫీ పెట్టింది.

పట్టా గోడమీద నుంచి తీయలేదు. మేకు గట్టిగా ఉంది.

జూలై 9, బుధవారం

లాప్‌టాప్ పార్శిల్ తిరువళ్ళూరులో ఇచ్చి, ఇంటికి రావడానికి స్టేషన్‌లో కూర్చున్నాను. పక్క బెంచీ దగ్గర నలుగురు ఆడవాళ్ళు, టిఫిన్ సంచీలతో. ఒకామె జెరాక్స్ కాగితాలు పట్టుకుని పైకి చదువుతోంది. మిగతావాళ్ళు వింటున్నారు. మొదట పట్టించుకోలేదు. "నా వంతు నేను ఇంకా మొదలుపెట్టలేదు" అన్నమాట వినపడింది.

లేచి వెళ్ళాను. "ఇది యాడిదమ్మా?" అని అడిగాను.

"పాండూరులో మా చెల్లెలు ఇచ్చిందక్కా. కథ. బాగుండాది, కూర్చో."

"రాసిందెవరు?"

ఆమె కాగితాలు తిరగేసి చూసింది. అడుగు వరుస జెరాక్స్‌లో తెగిపోయింది. "యారో తెలీదక్కా. ఎవరో ఒకరు రాసింటారు."

ఒక్కసారిగా ఒళ్ళు మండిపోయింది. ఎవరో ఒకరా? నా అధ్యాయం! నా పేరు తీసేసి, నన్ను అడగకుండా, ఊరూరా పంచుకుంటారా? ఎవరు తీయించారు ఈ జెరాక్స్? ఎన్ని కాపీలు తీశారు? నెలరోజులు నేను కొన్ని వందలమందికి పంపిన నోటీసు మాటలన్నీ నాలుకమీదికి వచ్చాయి. "దీన్ని ఎన్ని..." అని మొదలుపెట్టాను.

"ఇష్, ఉండక్కా" అంది పక్కనున్నామె, నాకేసి చూడకుండానే. "తూము దగ్గరికి పోతా ఉండాది."

నోరు మూసుకున్నాను. బెంచీమీద కాస్త చోటిచ్చారు. ఆమె మెల్లగా చదువుతోంది, పుటకు నాలుగు నిమిషాలు పట్టేలా. తిరుత్తణి బండి వచ్చింది, ఆగింది, పోయింది. మేం అయిదుగురం కదల్లేదు. ఇంకా ఒకటిన్నర పుట ఉంది.